నేర్చుకునే రోజులకు కూలి ఎవరిస్తారు?

1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరంలో ఉపన్యాసాలిచ్చి వెళ్లాక, అక్కడి ట్రెయినింగ్ కాలేజీలో వందేమాతరం ఉద్యమంలో దిగిన విద్యార్థుల మీద వేటు పడింది. వాళ్లలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. పంతులుద్యోగం కోసం చదువుతున్న మనిషికి సర్కారు బడి తలుపు మూసుకుపోయింది. మరుసటి ఏడు ఆయన విజయవాడలో 'స్వరాజ్య' వారపత్రికకు సంపాదకుడిగా ఉన్నారు. ఆ పత్రికలో వచ్చిన రాతకు 1908లో రాజద్రోహ నేరం మోపి జైల్లో పెట్టారు. ఈ కథను మనం దేశభక్తి అధ్యాయంలో చదువుకుంటాం, చదువుకోవలసిందే. అయితే దీన్నే ఉద్యోగాల చరిత్రగా చదివితే మరో సంగతి కంటపడుతుంది. పాతికేళ్లు నిండని కుర్రవాణ్ణి పత్రికాఫీసులో కొన్నాళ్లు కూర్చోబెట్టి, పని నేర్పి, నేర్చుకుంటున్నన్నాళ్లూ నాలుగు రూపాయలు చేతిలో పెట్టే ఏర్పాటు అప్పటికి తెలుగులో లేనే లేదు. వచ్చినవాడు వచ్చిన రోజునే పూర్తి విలేకరి, లేకపోతే పూర్తి సంపాదకుడు. తిండి సంగతి అతను చూసుకోవాలి.

ఆనాటి నుంచి ఈనాటి దాకా తెలుగు పత్రికల్లో, ప్రకటనల్లో, ప్రచార విభాగాల్లో తొలి ఉద్యోగం దొరికే దారి చాలాసార్లు మారింది. సిఫారసు ఉత్తరం పోయి ప్రవేశపరీక్ష వచ్చింది. ప్రూఫులు దిద్దే బల్ల పోయి కంప్యూటరు వచ్చింది. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ అనే మాట లేకుండా ఏ దరఖాస్తూ నిండడం లేదు. ఈ మార్పుల గురించి రాసేవాళ్లు సాధారణంగా ప్రతిభ గురించి, భాష గురించి, సాంకేతికత గురించి రాస్తారు. నా వాదన వేరు. పని నేర్చుకునే కాలపు ఖర్చు ఎవరు భరించారన్నదే ఆ కాలంలో లోపలికి ఎవరు రాగలిగారో తేల్చింది. ఇల్లు భరించినప్పుడు ఇల్లున్నవాళ్లు వచ్చారు, ఉద్యమం భరించినప్పుడు ఉద్యమంలో ఉన్నవాళ్లు వచ్చారు, యజమాని భరించిన కొద్దికాలం మాత్రం ఊహించనివాళ్లు వచ్చారు. ప్రతిభ లెక్కలోకి వచ్చింది ఈ వడపోత అయ్యాకే.

మొదటి తరం పత్రికలన్నీ ఇంటి లెక్కల మీద నడిచినవే. 1874లో 'వివేకవర్ధని' పెట్టిన కందుకూరి వీరేశలింగం బడిపంతులు, అంటే జీతం మరోచోట. 1902లో మచిలీపట్నంలో పుట్టిన కృష్ణాపత్రికలో ముట్నూరి కృష్ణారావు సహాయ సంపాదకుడిగా చేరి, 1907లో సంపాదకుడై, 1945లో కన్నుమూసేదాకా ఆ కుర్చీలోనే ఉన్నారు. సాయంత్రాలు ఆయన చుట్టూ చేరే గోష్ఠిని దర్బారు అనేవారు. కవులూ చిత్రకారులూ జాతీయ కళాశాల అధ్యాపకులూ అక్కడికి వచ్చేవారు. మాటల్లో విషయం తెలిసేది, రాసి తెస్తే పెద్దాయన చూసేవారు, బాగుంటే అచ్చయ్యేది. జర్నలిజం బడి అనదగ్గది ఆ రోజుల్లో ఏదైనా ఉందంటే ఇదే. దాని గొప్పదనాన్ని కాదనను. అయితే అందులో కూర్చోవాలంటే బందరులో ఇల్లో, చుట్టమో ఉండాలి, సాయంత్రాలు తీరికగా ఉండాలి, ఆ గోష్ఠిలో కూర్చోగల కులమూ చదువూ ఉండాలి. ఫీజు లేని బడే, కానీ అందరూ వెళ్లగలిగింది కాదు.

ఆంధ్రపత్రిక కథ ఇంకాస్త లోతుగా చూడదగ్గది, ఎందుకంటే ప్రకటన, పత్రిక ఒకే చేతిలో ఉన్న ఉదాహరణ అది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత సభల్లో ఉచితంగా పంచి మందుకు పేరు తెచ్చారంటారు. ఈ రోజు మార్కెటింగ్ తరగతుల్లో చెప్పే పాఠం ఆయన ఏ తరగతికీ వెళ్లకుండానే నేర్చారు. ఆ మందు డబ్బుతో 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చి, 1914లో మద్రాసుకు మార్చి దినపత్రిక చేశారు, 1924లో 'భారతి' మాసపత్రిక పెట్టారు. కె.ఎన్. కేసరిదీ ఇదే బాట. లోధ్ర మందు అమ్మకం వెనక ఉండగా 1928లో 'గృహలక్ష్మి' వచ్చింది. తలనొప్పి మందు, ఆడవాళ్ల టానిక్కు కలిసి తెలుగు రచయితల రెండు తరాలకు అన్నం పెట్టాయంటే అతిశయోక్తి కాదు. పత్రిక నష్టాన్ని సీసా పూడ్చిన చోట మాత్రమే కొత్తవాడికి నెలజీతమనేది సాధ్యమైంది.

మద్రాసులో ఆ జీతం దొరికే దారి ఇది: ఊరి ప్లీడరో, కాంగ్రెసు నాయకుడో ఇచ్చిన ఉత్తరం, బంధువుల ఇంట్లో బస, ఆఫీసులో ప్రూఫులు దిద్దే బల్ల. ప్రూఫుల్లో తప్పు పట్టగలిగితే అనువాదం ఇచ్చేవారు. ఇక్కడో చిక్కు ఉంది, దానికి తగినంత ప్రాధాన్యం మన పత్రికా చరిత్రలు ఇవ్వలేదనిపిస్తుంది. తెలుగు పత్రికకు వార్త తెలుగులో వచ్చేది కాదు. రాయిటర్, అసోసియేటెడ్ ప్రెస్, స్వాతంత్ర్యం తర్వాత పీటీఐ, అన్నీ ఇంగ్లిషులోనే పంపేవి. కాబట్టి తెలుగు పత్రికలో ఉపసంపాదకుడు కాదలచినవాడికి మొదటి పరీక్ష ఇంగ్లిషు. టెలిప్రింటరు కాగితం ముందుపెట్టి తెలుగు చేయమనేవారు. 1930లలో, 40లలో ఇంగ్లిషు కాలేజీ మెట్టెక్కిన ఇళ్లు ఎన్ని, అవి ఎవరివి అని చూస్తే తెలుగు డెస్కుల్లో ఇంటిపేర్లు ఎందుకు అలా ఉండేవో తెలుస్తుంది. ప్రకటనలదీ అదే తీరు. మద్రాసు, బొంబాయి కంపెనీల్లో ఇంగ్లిషులో పుట్టిన ప్రకటనకు తెలుగు చేసేవాడే తెలుగు కాపీ రైటరు.

నిజాం రాజ్యంలో ఆ పాటి దారి కూడా లేదు. దర్బారు భాష ఉర్దూ, తెలుగు చదివేవాళ్లు తక్కువ, ప్రకటనలిచ్చే వ్యాపారం అంతకన్నా తక్కువ. 1922లో ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి అనే పల్లెలో అచ్చుయంత్రం పెట్టుకుని 'తెనుగు' పత్రిక నడిపారు. రాయడం నుంచి అచ్చు దాకా అన్నీ వాళ్లే నేర్చుకుని చేశారు. అదే ఏడు నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 'నీలగిరి' తెచ్చారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక పెట్టినప్పుడు వేరే రచయితలు చాలక రకరకాల పేర్లతో తనే రాశారు. 1943 ప్రాంతంలో అడవి బాపిరాజు సంపాదకుడిగా తెలుగు 'మీజాన్' వచ్చేదాకా హైదరాబాదులో తెలుగు పత్రికోద్యోగం అనదగ్గది పెద్దగా లేదు. కోస్తా కుర్రవాడు మద్రాసులో తక్కువ జీతానికి పని నేర్చుకుంటుంటే, తెలంగాణ కుర్రవాడు పత్రికనే పెట్టుకోవలసి వచ్చింది. ఈ తేడా తర్వాతి యాభై ఏళ్లు హైదరాబాదు న్యూస్‌రూముల్లో కనబడుతూనే ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. ఆ రోజుల్లో పత్రికారచన సేవ, ఉద్యమం. దాన్ని జీతాల లెక్కతో కొలవడం ఆ మనుషుల్ని చిన్నబుచ్చడం కాదా? కాదనే నా సమాధానం. సేవ చేసినవాళ్లకే జీతాల లెక్క అందరికన్నా బాగా తెలుసు. రెండు డజన్లకు పైగా పత్రికల్లో పనిచేసిన చీరాల మనిషి కోటంరాజు రామారావు 1938లో లక్నోలో 'నేషనల్ హెరాల్డ్' తొలి సంపాదకుడయ్యారు. 1942లో అది మూతపడి మూడేళ్ల తర్వాత గానీ తెరుచుకోలేదు. ఆ పత్రికకే తర్వాత దీర్ఘకాలం సంపాదకుడిగా ఉన్న మానికొండ చలపతిరావు, జాతీయోద్యమ పత్రికలో పుట్టిపెరిగిన మనిషి, 1950లో అఖిల భారత వర్కింగ్ జర్నలిస్టుల సమాఖ్యకు తొలి అధ్యక్షుడయ్యారు, మొదటి ప్రెస్ కమిషన్‌లో సభ్యుడూ అయ్యారు. త్యాగానికి జీతం అక్కర్లేదనుకుని ఉంటే ఆయన ఆ పని చేసేవారు కారు. 1954లో కమిషన్ నివేదిక, 1955లో వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చాయి. నిర్ణీత పనిగంటలు, గ్రాట్యుటీ, తొలగించేముందు నోటీసు, వేతన సంఘం అన్నీ అందులోవే. సేవాదృక్పథం తక్కువైనందుకు కాదు, సేవ పేరుతో ఎవరి ఇల్లు గుల్లవుతోందో దగ్గరగా చూసినందుకే వచ్చిన చట్టమది.

చట్టం వచ్చింది గానీ సాఫీగా నడవలేదు. తొలి వేతన సంఘం నిర్ణయాన్ని ఎక్స్‌ప్రెస్ యాజమాన్యం సవాలు చేయగా 1958లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. 1959లో మద్రాసు కార్మిక వివాదం మధ్య అదే యాజమాన్యపు తెలుగు దినపత్రిక ఆంధ్రప్రభ విజయవాడకు తరలిపోయింది. 1942 నుంచి దాని సంపాదకుడిగా ఉండి, పత్రిక భాషను జనం మాట్లాడే తెలుగు దగ్గరికి తెచ్చిన నార్ల వెంకటేశ్వరరావు బయటికొచ్చి, 1960లో అదే విజయవాడలో ఆంధ్రజ్యోతికి వ్యవస్థాపక సంపాదకుడయ్యారు. కొత్తవాడి వైపు నుంచి చూస్తే ఈ దశాబ్దం ఫలితం రెండు విధాలు. లోపల ఉన్నవాడి ఉద్యోగం గట్టిపడింది. లోపలికి తీసుకోవడం యజమానికి ఖరీదైన పనయింది. ఒక్కసారి పేరు రిజిస్టరెక్కితే వేతన సంఘం రేటు ఇవ్వాలి కనుక, పేరు ఎక్కకుండా పని చేయించుకునే పద్ధతుల కోసం వెతకడం మొదలైంది. ఆ వెతుకులాట ఎక్కడికి చేరిందో కాసేపట్లో చూద్దాం.

మరో అభ్యంతరం సాహిత్యాభిమానులది. ప్రతిభ ఉన్నవాడు ఎలాగైనా వస్తాడు, శ్రీశ్రీ రాలేదా, కొడవటిగంటి రాలేదా, ముళ్లపూడి రాలేదా అంటారు. వచ్చారు. శ్రీశ్రీ కొంతకాలం ఆంధ్రప్రభలో ఉపసంపాదకుడు. కొడవటిగంటి కుటుంబరావు ఆంధ్రపత్రికలో పనిచేసి 1952 నుంచి చనిపోయేదాకా 'చందమామ'ను నడిపించారు. ముళ్లపూడి వెంకటరమణ ఆంధ్రపత్రిక బల్ల మీదే బుడుగును పుట్టించారు. బాపు లా పట్టా చేతపట్టుకుని కార్టూన్లు వేసి, జె. వాల్టర్ థామ్సన్ ప్రకటనల కంపెనీలోనూ పనిచేశారు. కానీ వచ్చినవాళ్ల జాబితా చూసి తలుపు తెరిచే ఉందనడం తర్కం కాదు, రానివాళ్ల జాబితా ఉండదు కనుక. ఉన్న ఆధారం మరోవైపు చూపిస్తుంది. మాలతీ చందూర్ 1952 నుంచి ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికను దశాబ్దాల పాటు నడిపారు. ఆ పత్రిక అమ్మకాల్లో ఆ శీర్షిక వాటా చిన్నది కాదు. అయినా ఆమె తరంలో రాత్రి డెస్కు మీద, రిపోర్టింగులో ఆడవాళ్లు దాదాపు కనపడరు. ఇంటి దగ్గర కూర్చుని రాసి పంపగల పని మాత్రమే వాళ్ల వాటాకు వచ్చింది. దళితుల విషయంలో తలుపు ఎంత గట్టిగా మూసుకుందో వాళ్లు పెట్టుకున్న సొంత పత్రికలే చెబుతాయి: హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1931లో తెచ్చిన 'భాగ్యనగర్', కుసుమ ధర్మన్న 'జయభేరి'. 2006లో ఢిల్లీలోని 37 జాతీయ మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిని సీఎస్‌డీఎస్ పరిశోధకులు లెక్కిస్తే దళితులు గానీ ఆదివాసులు గానీ ఒక్కరూ తేలలేదు. ఆ లెక్క ఢిల్లీది. కానీ హైదరాబాదు లెక్క పూర్తిగా వేరుగా ఉంటుందని నమ్మడానికి నాకు కారణం దొరకలేదు.

పోలిక కోసం సర్కారు వైపు ఒక్కసారి చూడాలి. ఆకాశవాణి, జిల్లాల పౌరసంబంధాల శాఖ, ఇవి కూడా వార్తా ప్రచార రంగాలే. అక్కడ ప్రకటన వెలువడుతుంది, పరీక్షో ఎంపికో ఉంటుంది, రిజర్వేషన్ ఉంటుంది, చేరిన రోజు నుంచే జీతం ఉంటుంది. ప్రైవేటు పత్రికలో ఎన్నేళ్లయినా కనపడని ఇంటిపేర్లు జిల్లా పౌరసంబంధాల అధికారుల కుర్చీల్లో కనపడ్డాయి. సర్కారు ప్రచారం మంచి జర్నలిజమా అన్నది వేరే చర్చ, నాకైతే అది జర్నలిజమే కాదు. అయితే నేర్చుకునే కాలానికి ఎవరు డబ్బిస్తే ఎవరు వస్తారన్న ప్రశ్నకు ఆ కుర్చీలు మంచి సాక్ష్యం.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. దాని యజమాని రామోజీరావు అంతకుముందు ఢిల్లీలో ప్రకటనల కంపెనీలో చిత్రకారుడిగా పనిచేసినవారు. పత్రికను ముందు అమ్మకపు సరుకుగా చూసి, ఆ తర్వాత సంపాదకీయంగా చూశారని ఆయన మీద విమర్శ. విమర్శ నిజమే, దాని ఫలితం మాత్రం విమర్శకులు ఊహించింది కాదు. తెల్లారేసరికి గుమ్మంలో పేపరు ఉండాలంటే దగ్గరలో అచ్చవ్వాలి, దగ్గరలో అచ్చయితే దగ్గరి వార్త కావాలి. 1989లో జిల్లా అనుబంధాలు మొదలయ్యాక రోజూ జిల్లాకు కొన్ని పేజీలు నింపాలి. ఢిల్లీ నుంచి వచ్చే టెలిప్రింటరు కాగితం అందుకు పనికిరాదు. మండల కేంద్రంలో నీళ్ల ట్యాంకు సంగతి రాయాలంటే ఇంగ్లిషు అక్కర్లేదు, ఆ ఊరు తెలియాలి. తరాల తరబడి డెస్కును కాపలా కాసిన అనువాద పరీక్ష ఒక్కసారిగా సగం విలువ కోల్పోయింది. అందుకే పాత ఉదార సంపాదకుల కాలం కన్నా ఈ వ్యాపార విస్తరణ కాలంలోనే పల్లెల నుంచి ఎక్కువమంది లోపలికొచ్చారన్నది నా అంచనా. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం పత్రికల మొదటి పేజీలకెక్కగలిగిందంటే, దానికి ముందే మండలాల దాకా విలేకరులు ఉండటం ఒక కారణం.

కానీ ఆ విలేకరికి పేరు కంట్రిబ్యూటరు, ఉద్యోగి కాడు. ఇందాక చెప్పిన వెతుకులాట చేరిన చోటు ఇదే. నెలాఖరుకి తన వార్తలు కత్తిరించి కాగితం మీద అంటించి, స్కేలుతో కొలిచి, లైన్ అకౌంట్ పంపితే సెంటీమీటర్ల చొప్పున డబ్బు వచ్చేది. ఆ డబ్బు చాలా చోట్ల బస్సు ఛార్జీలకు, ఫోన్లకు సరిపోయేది కాదు. పండగలకు, నాయకుల పుట్టినరోజులకు ప్రకటనలు తెస్తే కమిషన్ దొరికేది. అలా ఒకే మనిషి ఉదయం సర్పంచి మీద వార్త రాసి, సాయంత్రం అదే సర్పంచిని శుభాకాంక్షల ప్రకటన అడగవలసి వచ్చేది. 1955 చట్టం దృష్టిలో వర్కింగ్ జర్నలిస్టు అంటే పాత్రికేయం ప్రధాన వ్యాపకంగా ఉండి, ఒక సంస్థ నియమించినవాడు. కంట్రిబ్యూటరు చేత తనకు వేరే వృత్తి ఉందని రాయించుకుంటే చాలు, చట్టం గడప బయట ఆగిపోయేది. యాజమాన్యాల సమర్థన కూడా అదే: వాళ్లకు వేరే ఆదాయం ఉంది, ఇష్టంతో చేస్తున్నారు, ఎవరూ బలవంతపెట్టలేదు. ఇష్టం మాట నిజమే. ప్రెస్ అన్న రెండక్షరాల స్టిక్కరుకు, అక్రిడిటేషన్ కార్డుకు ఊళ్లో ఉన్న విలువ చిన్నది కాదు. అయితే వేరే ఆదాయం ఉందనడమే నా వాదనకు బలం. ట్యూషన్లు, ఎరువుల దుకాణం, చిన్న కాంట్రాక్టు, కొంత పొలం ఉన్నవాడే కంట్రిబ్యూటరుగా నిలవగలిగాడు. కూలికి పోయే ఇంటి డిగ్రీ కుర్రవాడు ఆరునెలలు తిరిగి మానుకున్నాడు.

ఈ నేపథ్యంలో పత్రికలు నడిపిన జర్నలిజం పాఠశాలలను చూడాలి. విశ్వవిద్యాలయాలు ఈ పని అంతకుముందే మొదలుపెట్టాయి. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నాటిది, 1985లో వచ్చిన తెలుగు విశ్వవిద్యాలయం తెలుగులోనే పాఠం చెప్పింది. అయినా చాలాకాలం డెస్కు మీద పాతకాపులకు డిగ్రీ జర్నలిస్టు అంటే చిన్నచూపే. వాళ్ల ఫిర్యాదు పూర్తిగా అన్యాయం కాదు, ఇంగ్లిషు పుస్తకాల్లో నేర్చిన ఇంట్రో తెలుగు వాక్యంలో ఇమడదు. ఈనాడు జర్నలిజం స్కూలు ఈ లోటును సొంత ఖర్చుతో పూడ్చింది. బూదరాజు రాధాకృష్ణ లాంటి భాషాశాస్త్రవేత్త ప్రిన్సిపాలుగా కూర్చుని డిగ్రీ కుర్రాళ్లకు వాక్యం దిద్దారు. తర్వాత ఆంధ్రజ్యోతి, సాక్షి కూడా సొంత పాఠశాలలు పెట్టాయి. ప్రకటన పేపర్లోనే వస్తుంది, జిల్లా కేంద్రాల్లో రాతపరీక్ష, ఇంటర్వ్యూ, ఎంపికైతే నెలనెలా భృతి. సిఫారసు ఉత్తరం తెచ్చుకోనక్కర్లేదు, హైదరాబాదులో చుట్టం ఉండనక్కర్లేదు. శ్రీకాకుళం నుంచి, పాలమూరు నుంచి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చేసినవాళ్లు డెస్కు ఎక్కింది ఈ తలుపులోంచే. ఆడపిల్లలు రాత్రి షిఫ్టుల్లో కనపడటం పెరిగిందీ ఈ తరం నుంచే. నూరేళ్ల చరిత్రలో నేర్చుకునే రోజులకు యజమాని కూలి ఇచ్చిన ఘట్టం చెప్పుకోదగ్గ స్థాయిలో ఇదొక్కటే.

దీని మీదా విమర్శ ఉంది. ఆ భృతి ఊరికే రాలేదు, శిక్షణ తర్వాత కొన్నేళ్లు ఆ సంస్థలోనే పనిచేస్తామని ఒప్పందం రాయాలి, అది సంకెల కాదా అంటారు. ఒక సంస్థ రీతికి అచ్చుపోసిన మనుషుల్ని తయారుచేశారు, అందరి వాక్యం ఒకేలా ఉంటుంది అని కూడా అంటారు. రెండో మాటతో నాకు పేచీ లేదు, ఆ వాక్యాల ఏకరూపత మన పేపర్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. మొదటిదాన్ని మాత్రం పక్కనున్న పద్ధతితో పోల్చి చూడాలి. ఒప్పందం కాలం ముగిశాక ఆ కుర్రవాడు బజార్లో విలువున్న ఉపసంపాదకుడు. 2004లో టీవీ9 వచ్చినప్పుడు, ఆ వెనక చానళ్లు వరసకట్టినప్పుడు, 2008లో సాక్షి మొదలైనప్పుడు వాటికి కావలసిన మనుషులు చాలావరకు ఈ పాఠశాలల నుంచి, వాటి చుట్టుపక్కల నుంచి వచ్చారు. అదే కాలంలో ఒప్పందమూ లేని, భృతీ లేని కంట్రిబ్యూటరు పదిహేనేళ్ల తర్వాత కూడా కంట్రిబ్యూటరే. టీవీ వచ్చాక అతనికి కెమెరా కొనుక్కోవలసిన ఖర్చు కూడా తోడైంది. సంకెలను నేనేమీ మెచ్చుకోవడం లేదు. స్వేచ్ఛ పేరుతో రెండోవాడికి దక్కింది ఏమిటో చెబుతున్నానంతే.

యజమాని ఉదారత వల్ల పాఠశాలలు రాలేదనడానికి వాటి తర్వాతి చరిత్రే సాక్ష్యం. పేజీలు పెరుగుతున్నంతకాలం బ్యాచ్‌లు పెరిగాయి, పెరుగుదల ఆగితే బ్యాచ్‌లు చిక్కిపోయాయి. 1984లో ఏ.బి.కె. ప్రసాద్ సంపాదకత్వంలో వచ్చిన 'ఉదయం' కొత్తవాళ్లతో కళకళలాడింది, 1995లో మూతపడింది. ఆంధ్రజ్యోతి 2000లో ఆగి, అందులోనే ఒకప్పుడు విలేకరిగా పనిచేసిన వేమూరి రాధాకృష్ణ చేతుల్లో 2002లో మళ్లీ మొదలైంది. 2020లో కోవిడ్ వేళ జిల్లా పేజీలు కుదించుకుపోయాయి, డెస్కులు ఖాళీ అయ్యాయి. అవసరం ఉన్నప్పుడు పెట్టిన ఖర్చు అవసరం తీరాక ఆగింది. ఇది నింద కాదు, వ్యాపారం నడిచే తీరు. పని నేర్పే బాధ్యత వ్యాపారం మీదే వదిలేస్తే అది ఎన్నాళ్లు ఉంటుందో దీన్నిబట్టి లెక్కకట్టుకోవచ్చు.

ఇప్పుడు మనం ఇంటర్న్‌షిప్ కాలంలో ఉన్నాం. పేరు కొత్తది, పద్ధతి పాతదే. డిజిటల్ డెస్కుల్లో, యూట్యూబు చానళ్లలో, రాజకీయ ప్రచార కంపెనీల్లో, సోషల్ మీడియా ఏజెన్సీల్లో కుర్రాళ్లు రెండు మూడు నెలలు సర్టిఫికెట్ కోసం పనిచేస్తారు. హైదరాబాదు హాస్టలు అద్దె ఇంటి నుంచి వస్తుంది. ఇదివరకు మద్రాసులో చుట్టం ఇల్లు చేసిన పనే ఇప్పుడు తండ్రి గూగుల్ పే చేస్తోంది. ఆంధ్రప్రదేశ్ 2020–21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. ఆలోచన మంచిదే, కాలేజీ గోడ దాటని చదువుకు అది మందు. కానీ ఆ పది నెలలకు క్రెడిట్లు ఖాయం, డబ్బు మాత్రం చేర్చుకున్న సంస్థ ఇష్టం. కొందరికిది పని నేర్చుకునే కాలం, కొందరికి సంతకం సంపాదించే కాలం. ఏది ఎవరికన్నది ఇంటి సంపాదనను బట్టి, కాలేజీ ఉన్న ఊరిని బట్టి తేలుతోంది. నరసన్నపేటలో జర్నలిజం మీద మనసున్న విద్యార్థికి దగ్గరలో ఉన్న పత్రికాఫీసు అంటే ఒక కంట్రిబ్యూటరు ఇల్లు. అతనికే జీతం లేదు, ఇంటర్న్‌కు ఏమిస్తాడు?

జీతం అడిగితే అవకాశాలే పోతాయి, చిన్న సంస్థలు ఎవర్నీ చేర్చుకోవు అన్నది చివరి అభ్యంతరం. ఇదే మాట 1955 చట్టానికి ముందూ విన్నాం. చట్టం వచ్చాక పత్రికలు మూతపడలేదు, పెరిగాయి. నిజమే, యజమానులు చట్టం చుట్టూ దారులూ వేసుకున్నారు. అందుకని భృతి మొత్తం యజమాని నెత్తినే పెట్టాలని నేననను. కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ఈ విషయంలో ఒక సంగతి ఒప్పుకుంది. 21 నుంచి 24 ఏళ్ల వాళ్లకు నెలకు ₹5,000, అందులో ₹4,500 ప్రభుత్వానిది, ₹500 కంపెనీది. నేర్చుకునే కాలానికి కూలి ఉండాలని, అది ఇంటి నుంచి రాకూడదని రాతపూర్వకంగా అంగీకరించడం చిన్న విషయం కాదు. అయితే పథకం పెద్ద కంపెనీల వరసను ఉద్దేశించింది, మొదటి 500 కంపెనీలతో మొదలైంది. తెలుగులో వార్త రాసే కొలువులు ఉన్నచోటు ఆ వరసలో దాదాపు లేదు. అక్కడ చేరే డిగ్రీ విద్యార్థి భోజనం, బస్సు పాసు, ఫోను రీఛార్జి ఈ నెల కూడా ఇంటి పద్దులోనే పడ్డాయి.